తాళం మారితే మాట ఏమవుతుంది?

గత దసరా నవరాత్రులలో మా తమ్ముడి కూతురు బొమ్మల కొలువు ముందు కూర్చుని 'నిన్నుకోరి' వర్ణం పాడింది. మోహన రాగం, ఆదితాళం. సంగీతం నేర్చుకునే పిల్లలు తొలి ఏళ్లలోనే పాడే వర్ణం అది. మొదట చౌకంలో పాడింది. తర్వాత రెండో కాలంలో పాడింది. మెచ్చుకోబోతుంటే ఆగమని సైగచేసి "ఇప్పుడు తిశ్రం" అంది. చేతి లెక్క మారలేదు, వేగమూ మారలేదు. దెబ్బకు నాలుగు స్వరాలు పలికే చోట మూడు పలకడం మొదలుపెట్టింది. అంతే, పాత పాట కొత్తగా కుంటుతూ, గెంతుతూ పోయింది. కొలువుకు వచ్చిన పేరంటాళ్లు ముచ్చటపడ్డారు.

అందరూ వెళ్లాక ఆ పిల్ల నా దగ్గరకు వచ్చి, "ఏం పెదనాన్నా, తిశ్రంలో మాటలు ఎక్కడెక్కడో తెగినాయి గదా? టీచరమ్మ బాగుందన్నారు. నాకేమో పాడుతుంటే అది తెలుగే అనిపించలేదు" అంది.

నేను సంగీత విద్వాంసుణ్ణి కాను. బి.కామ్. చదివి ముప్పై ఏళ్లుగా బ్యాంకులో లెక్కలు చూస్తున్నవాణ్ణి. కచేరీలు వినడం తప్ప గొంతు విప్పిన పాపాన పోలేదు. అయితే పిల్ల అడిగిన దాంట్లో సగం లెక్క ఉంది, సగం తెలుగు ఉంది. లెక్క వరకు నాకు చేతనవును గనుక, దాని వెంట నాకు తెలిసినంత చరిత్ర చెప్పుకుంటూ వస్తాను. తప్పులుంటే పెద్దలు దిద్దగలరు.

ముందు లెక్క. ఆదితాళానికి ఎనిమిది క్రియలు: ఒక దెబ్బ, మూడు వేళ్లు, ఆపైన దెబ్బ-విసురు, దెబ్బ-విసురు. క్రియకు నాలుగు చొప్పున ఆవర్తానికి 32 స్థానాలు. ఇది చతురశ్ర గతి. అదే చేతికి క్రియకు మూడే పలికితే ఆవర్తంలో పట్టేవి 24. మరి 32 స్థానాల వరుస 24లో ఎలా ఇముడుతుంది? ఇమడదు. ఎనిమిది మిగిలిపోయి రెండో ఆవర్తంలోకి పొర్లుతుంది. అందుకే తిశ్రంలో పాడేవాళ్లు ఆ వరుసను మూడు సార్లు పాడతారు. మూడు ముప్పై రెళ్లు 96, నాలుగు ఇరవై నాలుగులు 96. అప్పటికి గాని లెక్క సరిపోయి పాట సమానికి రాదు.

ఈ మధ్యలో ఏం జరిగిందో చూడండి. మొదటిసారి వరుస దెబ్బ మీద మొదలైంది. రెండోసారి అదే వరుస ఉంగరపు వేలు లెక్క చివర, మూడింట రెండు వంతులు గడిచాక మొదలైంది. మూడోసారి మొదటి విసురులో మూడో వంతు గడిచాక మొదలైంది. మాట అదే, స్వరం అదే. కాని మాట తల ఒకసారి దెబ్బ మీద, ఒకసారి వేలి సందున, ఒకసారి గాలిలో ఉంది. చేతి దెబ్బ మాట నడుమ పడితే చెవికి మాట అక్కడ విరిగినట్టే ఉంటుంది. పిల్లకు తెగినట్టు వినిపించింది అదే.

'నిన్నుకోరి' రచించినవారు రామనాథపురం శ్రీనివాస అయ్యంగారు (1860-1919). తమిళులు. పట్నం సుబ్రహ్మణ్య అయ్యరు గారి శిష్యులు. గురువూ శిష్యుడూ తమ తమిళాన్ని ఇంట్లో ఉంచి పాటను తెలుగులో రాశారు. అదే గురువు వద్ద చదివిన మైసూరు వాసుదేవాచార్యులు (1865-1961) కన్నడ దేశంలో ఉండి 'బ్రోచేవారెవరురా' అన్నారు. ఈ సంగతి మనవాళ్లు సభల్లో గర్వంగా చెప్పుకుంటారు. గర్వం సరే. కాని అందులో మన బాధ్యత కొంత ఉందని మరిచిపోతాం. వందల మంది కూర్చునే సభలో ఆ మాట ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలిసేది మనబోటి నలుగురికే. తెగితే నొచ్చేదీ మనకే.

మాట ఎక్కడ మొదలవుతుందో చెప్పే గుర్తు మన పాటల్లోనే ఉంది. పద్యంలో యతి ప్రాసలున్నట్టే కృతుల్లోనూ వర్ణాల్లోనూ ఉన్నాయి. రెండో అక్షరం ప్రాస. ఆవర్తం మొదట పడే అక్షరానికి తర్వాతి ఆవర్తం మొదటి అక్షరంతో చాలా చోట్ల యతి కుదురుతుంది. అంటే యతికి పీట వేసేది తాళం. చేతి దెబ్బ, యతి అక్షరం ఒక్కచోట పడితే తెలుగు రానివాడి చెవికి కూడా 'ఇక్కడ ఏదో మొదలైంది' అని తెలుస్తుంది. గతి మార్చినప్పుడు ఆ పీట కిందినుంచి లాగేసినట్టే.

బ్యాంకులో 'తాళం' అంటే మాకు వేరే అర్థం. ఖజానా గదికి రెండు తాళంచెవులుంటాయి. ఒకటి ఒక అధికారి దగ్గర, రెండోది ఇంకొకరి దగ్గర. రెండూ ఒక్కసారి తిరిగితేనే తలుపు తెరుచుకుంటుంది. పాటలో కూడా ఒక చెవి రాగతాళాల వారి దగ్గర, ఒకటి మాట దగ్గర ఉందని నాకనిపిస్తుంది.

ఇక చరిత్రలోకి వస్తాను. మన ఛందస్సులో రగడలున్నాయి. వృత్తాల్లాగా గురులఘువుల వరుస కట్టుదిట్టంగా ఉండదు, మాత్రల లెక్క మీద నడుస్తాయి. తురగవల్గనం మూడేసి మాత్రల నడక. మధురగతి నాలుగు. ద్విరదగతి ఐదు. వృషభగతి మూడూ నాలుగూ కలిసిన ఏడు. పేర్లు చూడండి: గుర్రం గెంతు, ఏనుగు నడక, ఎద్దు నడక. సంగీతం వారు తిశ్రం, చతురశ్రం, ఖండం, మిశ్రం అనే వాటినే మన లాక్షణికులు జంతువుల నడకగా చూశారు. 1910లో గురజాడ అప్పారావు గారు 'ముత్యాల సరాలు' కట్టింది కూడా ఈ ఏడు మాత్రల మిశ్రగతిలోనే. కనుక గతి అనేది పాటకు పైన తొడిగే చొక్కా కాదు, తెలుగు మాట ఒంట్లోనే ఉన్న నడక.

ఏడు మాత్రల సంగతి కాస్త నిలిచి చూడాలి. తెలుగువారికి ఏడు మీద ఇంత మక్కువ ఎందుకో మన మాటల్లోనే తెలుస్తుంది. 'అమ్మ పిలిచెను' అనండి. 'అమ్మ' మూడు మాత్రలు, 'పిలిచెను' నాలుగు. 'వాడు వచ్చెను' అనండి. మళ్లీ మూడూ నాలుగే. కర్త ముందు పొట్టిగా, క్రియ వెనుక కొంచెం పొడుగ్గా రావడం మన వాక్యానికి అలవాటు. ఇప్పుడు తిరగవేసి 'పిలిచెను అమ్మ' అనండి. లెక్క అదే ఏడు, నాలుగూ మూడూ అయింది. కాని మొదటిది కబురు. రెండోదానిలో ఏదో దిగులో, ఆత్రమో చేరింది. మాత్ర ఒక్కటీ పెరగలేదు, తరగలేదు.

శ్యామశాస్త్రి గారు (1762-1827) ఈ కీలకం ఎరిగినవారు. మిశ్రచాపును 3+4గా కాక 4+3గా నడిపిన విలోమ చాపుకు ఆయన పేరే చెబుతారు. పూర్వికల్యాణిలో 'నిన్ను వినగ మరి' వినండి. మామూలు చాపు అనుకుని తొడ మీద వేలు వేస్తే రెండో ఆవర్తానికే దెబ్బ తప్పుతుంది. నాకు తప్పింది. పక్కనున్న పెద్దాయన నా చెయ్యి పట్టుకుని ఆపి, 'వెనక్కి లెక్కపెట్టు నాయనా' అన్నాడు. అమ్మవారిని బతిమాలే పాటకు ఆ ఎదురు నడక ఎంత తగిందో అప్పటినుంచే వినిపించసాగింది.

ఏడు లెక్కకు పుట్టిల్లు పదం. మువ్వ గోపాలుని పేరు పెట్టి క్షేత్రయ్య పదాలు చెప్పిన కాలానికి, అంటే 17వ శతాబ్దికి, తంజావూరులో తెలుగు నాయకుల ఏలుబడి. విజయరాఘవ నాయకుని కొలువు (1633-1673) పదాలకూ యక్షగానాలకూ నిండుకుండ. కృష్ణా జిల్లా మువ్వలో పుట్టిన పాట కావేరి ఒడ్డున నిలిచింది. పాత పుస్తకాల్లో ఆ పదాల నెత్తిన మాటిమాటికీ కనిపించే తాళం పేరు త్రిపుట. ఒక దెబ్బ, రెండు వేళ్లు, ఆపైన దెబ్బ-విసురు, దెబ్బ-విసురు. 3+2+2, వెరసి ఏడు. ఇవాళ అవే పదాలను ఎవరు పాడినా తాళం మిశ్రచాపు అంటారు.

ఏడు ఏడే కదా, పేరులో ఏముంది అని లెక్కల మనిషిగా మొదట నేనూ అనుకున్నాను. కాని త్రిపుటలో ఏడు లెక్కలకూ చేతికి పని ఉంది. వేలో, దెబ్బో, విసురో పడుతూనే ఉంటుంది. చాపులో చెయ్యి ఒకటో లెక్క మీద, నాలుగో లెక్క మీద, ఆరో లెక్క మీద పడి ఊరుకుంటుంది. మిగతావి మనసులో గడవాలి. చెయ్యి తగ్గిన కొద్దీ గొంతుకు చోటు పెరిగింది. పదం ఇంకా చౌకం కావడానికి, ఒక్క అక్షరం మీద రాగం అలా కదులుతూ నిలబడడానికి ఆ చోటు పనికొచ్చింది. వీణ ధనమ్మాళ్ (1867-1938) ఇంటి పాటంతరంలో, ఆ తర్వాత ఆమె మనుమరాలు బాలసరస్వతి (1918-1984) అభినయంలో మనం ఎరిగిన పదం ఈ చాపు పదమే. ఇక్కడ తాళం మారడం వల్ల నష్టపోయామని నేను అనను. మూడూ నాలుగూగా ఒరుగుతూ నడిచే ఆ నడక తెలుగు మాటకు నప్పింది. విరహంలో ఉన్న నాయిక వేళ్లు లెక్కపెట్టదు గదా!

అయితే పేరు పోవడం వల్ల ఒక నష్టం ఉంది. ఒకప్పుడు ఎలా పాడేవారో చెప్పే ఆనవాలు పోతుంది. ఆ ఆనవాలును పదిలపరచినవాడు సుబ్బరామ దీక్షితులు (1839-1906). తమిళ దేశపు దక్షిణాన, ఎట్టయపురం సంస్థానంలో కూర్చుని, 1904లో 'సంగీత సంప్రదాయ ప్రదర్శిని' అచ్చు వేయించారు. దానిని తెలుగులో, తెలుగు లిపిలో రాశారు. ముత్తుస్వామి దీక్షితుల కృతులు మొదలుకొని క్షేత్రయ్య పదాల దాకా స్వరపరచి ఉన్న పుస్తకం. ఇవాళ చాపు అని మనం అనేవాటిని ఆయన చాలావరకు త్రిపుట అనే రాశారు. ఆ పుస్తకాన్ని తర్వాత మద్రాసు మ్యూజిక్ అకాడమీ తమిళ లిపిలో వెలువరించింది. ఇవాళ మన ఊళ్లలో దానిని తిరగవేసేవాళ్లు ఎక్కువగా చూసేది ఆ లిపిలోనే. తెలుగు మూలం చదవగలిగి కూడా చదవని వాళ్లలో చాలాకాలం నేనూ ఒకణ్ణి.

త్రిపుట ఒక్కటే కాదు, దేశాది, మధ్యాది అనే పేర్లూ ఇలాగే పోయాయి. త్యాగయ్య గారి (1767-1847) కృతులు చాలావాటికి పాత పుస్తకాల్లో దేశాది అని ఉంటుంది. నాలుగు లెక్కల తాళం. సమం తర్వాత ఒకటిన్నర లెక్క గడిచాక పాట ఎత్తుకుంటుంది. ఇక్కడి మిత్రులు 'ఎడుప్పు' అనేది, మన పెద్దలు 'ఎత్తుగడ' అన్నది అదే. ఇప్పుడు రెండు దేశాది ఆవర్తాలు కలిపి ఒక ఆది ఆవర్తంగా వేసి, 'ఆదితాళం, ఒకటిన్నర ఎత్తుగడ' అంటున్నారు. 'బంటురీతి' పాడేవారిని చూడండి. చెయ్యి ముందు పడుతుంది, మాట ఆ తర్వాత వస్తుంది. దర్బారులోకి బంటు అడుగు పెట్టేముందు గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగినట్టు. అది నా ఊహే అనుకోండి. ఎనిమిది లెక్కలుగా పాడినా ఆ ఆగడం ఉంటుంది. కాని చిన్న తాళంలో ప్రతి నాలుగు లెక్కలకూ సమం తగులుతుంది గనుక, ఆ తొందర, ఆ పరుగు ఎక్కువ తెలుస్తుంది. పెద్ద తాళంలో పాట కాస్త నిదానించి పెద్దమనిషి అవుతుంది.

ఘనరాగ పంచరత్నాలు ఐదింటినీ త్యాగయ్య గారు ఆదితాళంలోనే కట్టడం గురించి ఒక మాట. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ. రాగం రాగానికీ పోలిక లేదు, తాళం మాత్రం ఒక్కటే. తిరువైయారులో పుష్య బహుళ పంచమి నాడు వందల మంది ఒక్క గొంతుగా పాడుతుంటే, ఎక్కడినుంచో వచ్చినవాళ్లు, ఒకరి ముఖం ఒకరెరగని వాళ్లు, చేతులు మాత్రం ఒక్కసారి పడుతుంటాయి. ఆ ఐదింటిలో ఒకటి ఏడు లెక్కల్లోనో తొమ్మిది లెక్కల్లోనో ఉండి ఉంటే ఆ దృశ్యం ఇంత సులువుగా సాధ్యపడేదా? నాకు నమ్మకం లేదు.

ఒకే పాట రెండు తాళాల్లో అమరేలా కట్టిన ఘనత కూడా శ్యామశాస్త్రి గారిదే. సావేరి రాగంలో 'శంకరి శంకురు' అనే సంస్కృత కృతి. దానిని రూపకంలోనూ పాడవచ్చు, తిశ్రగతి ఆదిలోనూ పాడవచ్చు. లెక్క చూడండి. తిశ్ర ఆది ఎనిమిది మూళ్లు 24. రూపకం దెబ్బ, దెబ్బ, విసురుగా వేస్తే మూడు నాలుగులు 12, రెండు ఆవర్తాలకు 24. పొడవు సరిపోయింది. కాని చెయ్యి పడే చోట్లు వేరు. రూపకంలో ప్రతి నాలుగింటికీ పడుతుంది, తిశ్రంలో ప్రతి మూడింటికీ. ఈ 24లో రెండు చేతులూ కలిసేది రెండే రెండు చోట్ల: మొదట ఒకసారి, పన్నెండు గడిచాక ఒకసారి. మిగతా అన్నిచోట్లా ఒకరికి దెబ్బ పడిన అక్షరం ఇంకొకరికి తేలిక. రూపకంలో పాట నాలుగేసి అడుగులు వేస్తుంది, తిశ్రంలో ఊగుతుంది. రెండూ విన్నాను, రెండూ బాగున్నాయి. ఎందుకంటే ఆ రెండు నడకలకూ సరిపడేలా మాటలను మొదటే పేర్చినవాడు కట్టిన పాట అది. తర్వాత ఎవరో వచ్చి సాగదీసింది కాదు.

పల్లవి విషయం వేరు. రాగం తానం తర్వాత వచ్చే పల్లవికి ఒకటే పంక్తి. దాన్ని ఒక కాలంలో, రెట్టింపులో, తిశ్రంలో తిప్పి తిప్పి పాడడమే అక్కడ విద్య. ఆ పంక్తి తెలుగైనా, సంస్కృతమైనా, తమిళమైనా మాటకు అక్కడ అణిగి ఉండే పాత్రే. వినేవాళ్లు దానికి సిద్ధపడే కూర్చుంటారు. నాకు అభ్యంతరం లేదు.

తాళాల పోటీల కథ కూడా ఒకటి మన ప్రాంతంలో ప్రచారంలో ఉంది. బొబ్బిలి కేశవయ్య అనే విద్వాంసుడు తంజావూరు వచ్చి 128 అక్షరాల సింహనందన తాళంలో పాడి సవాలు విసిరాడనీ, శ్యామశాస్త్రి గారు 79 అక్షరాల శరభనందనంతో బదులు చెప్పి గెలిచారనీ. సింహాన్ని శరభం గెలిచింది. బొబ్బిలివాడు ఓడిన ఈ కథను తంజావూరు తెలుగువాళ్లం మనమే ఎక్కువ ఉత్సాహంగా చెప్పుకోవడం నాకు ఎప్పుడూ విచిత్రంగానే ఉంటుంది. అంత పెద్ద తాళంలో పాడిన మాటలేమిటో మాత్రం కథ చెప్పేవారెవరూ చెప్పరు.

చెడు ఎక్కడ మొదలవుతుందంటే, మాట నడక తెలియకుండా పాటను వేరే లెక్కలో కూర్చోబెట్టినప్పుడు. మన ఇళ్లలో అందరికీ తెలిసిన జోలపాట 'జో అచ్యుతానంద' తీసుకుందాం. మాత్రలు లెక్కపెట్టండి: ఐదు, ఐదు, ఐదు... ఖండగతి. నవరోజు రాగంలో ఖండచాపులో మా అమ్మ పాడేది. ఆమెకు చాపు అనే మాట తెలియదు, ఊయల తెలుసు. ఊయల పోయేటప్పుడు ఒక తీరుగా, వచ్చేటప్పుడు ఒక తీరుగా ఉంటుంది. రెండూ మూడూగా ఉన్న ఐదు ఆ ఊపుకు సరిపోతుంది. కొన్నేళ్ల క్రితం ఒక సాంస్కృతిక కార్యక్రమంలో పిల్లలచేత ఈ పాట బృందగానంగా పాడించారు. తబలా వాయించే అబ్బాయి సులువు కోసమో ఏమో ఐదును ఆరు చేశారు. ఐదు మాత్రల ముక్క ఆరులో కూర్చోవాలంటే ఎక్కడో ఒక మాత్ర సాగాలి. చివరి హ్రస్వం సాగింది. 'నంద' కాస్తా 'నందా' అయింది. పిలుపే గనుక అర్థం చెడలేదు. ఊయల మాత్రం ఆగిపోయింది. నా పక్కన కూర్చున్న మా అక్కయ్య, "ఏమిరా, పాట అదేనా?" అని అడిగింది. ఆవిడకు సంగీతం రాదు.

అన్నిచోట్లా అర్థం బతికి బయటపడదు. తెలుగులో మాత్ర పెరిగితే మాటే మారుతుంది. 'కల' సాగితే 'కాల'. 'వల' సాగితే 'వాల'. 'మన' సాగితే 'మాన'. తమిళ లిపిలో దీర్ఘం గుర్తు ఉంది గనుక పుస్తకం చూసి పాడేవాళ్లు దీర్ఘాన్ని తప్పరు. క, గలకు ఒక్కటే అక్షరం గనుక నెత్తిన అంకెలు వేసుకుని ఎలాగో గట్టెక్కుతారు. కాని కొత్త గతి తెచ్చిపెట్టిన సాగుడుకు ఏ లిపిలోనూ గుర్తు లేదు. అది చెవిలో తెలుగు ఉన్నవాడు మాత్రమే పట్టుకోగలిగిన తప్పు.

ఇంగ్లీషు సంగీతం వారు దీనికి ముందే కట్టుబాటు చేసుకున్నారు. పాట మొదట్లోనే ఒకదాని మీద ఒకటిగా రెండు అంకెలు వేసి, అడ్డగీతలతో గళ్లు కట్టి, ప్రతి గడిలో ఇన్నే దెబ్బలని చెబుతారు. 1893లో మద్రాసులో ఎ. ఎం. చిన్నస్వామి ముదలియారు గారు మన కృతులను ఆ పద్ధతిలో అచ్చు వేశారు. సుబ్బరామ దీక్షితుల చేత పుస్తకం రాయించడానికి పట్టుబట్టిన వారిలో ఈయనా ఒకరు. అంతకు ముందే ముత్తుస్వామి దీక్షితులు (1775-1835) దొరల బ్యాండు మెట్లు విని వాటికి సంస్కృతం కూర్చారు. ఇంగ్లండు రాజగీతం మెట్టు మూడు దెబ్బల నడక. దానికి దీక్షితులు కట్టిన 'సంతతం పాహిమాం' కూడా మూడు లెక్కలదే. మెట్టు తీసుకున్నవాడు నడకను ముట్టుకోలేదు, ఆ నడకకు తగిన మాటలు వెతికాడు. నాకు ఈ మర్యాద నచ్చింది.

దీనికి ఎదురు పని చేసినవారు రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ గారు (1893-1979). ఆయనకు మాటలే ఉన్నాయి, మెట్టు లేదు. తిరుమల రాగి రేకుల మీద అన్నమయ్య పాటలకు రాగం పేరు చెక్కి ఉంది గాని, వరుస ఎలా పాడాలో లేదు, తాళం పేరూ లేదు. మైసూరు మహారాజా కళాశాలలో దశాబ్దాలు తెలుగు చెప్పిన పండితుడు ఆయన. తెలుగు గడ్డకు బయట, కన్నడ పిల్లల మధ్య గడిపిన మనిషి. ఒక చేత ఛందస్సు, ఒక చేత సంగీతం పట్టుకుని తిరుపతి చేరి ఆ పాటలకు స్వరం కట్టారు. తాళం ఎక్కడినుంచి తెచ్చారు? పాటలోని మాత్రల నడకనుంచే. మూడు-నాలుగుగా నడిచే పల్లవికి చాపు, ఐదుగా నడిచేదానికి ఖండం. ఇతరులు అదే పాటలను తర్వాత వేరే తాళాల్లోనూ కట్టారు. కొన్ని జనం నోట నిలిచాయి, మంచిదే. కాని ఇప్పుడు ఫోనులో వినే భక్తి పాటల్లో, ఏ నడక పాటకైనా యంత్రం కొట్టే అదే నాలుగు దెబ్బల దరువు వినిపించినప్పుడల్లా, మైసూరులో తెలుగు పాఠం చెప్పిన ఆ పెద్దాయన గుర్తుకు వస్తారు.

మా పిల్ల సంగతి చెప్పి ముగిస్తాను. పండగ అయిన వారం తర్వాత ఆ పిల్ల తన తమిళ లిపి పుస్తకం తెచ్చింది. ఇద్దరం కూర్చుని 'నిన్నుకోరి'లో ఏ మాట ఎక్కడ ముగుస్తుందో పెన్సిలుతో నిలువు గీతలు గీశాం. యతి అక్షరం దగ్గరకు రాగానే, "ఇది తెలుగులో ఎట్లా రాస్తారు పెదనాన్నా?" అని అడిగి, తమిళ అక్షరం నెత్తిన తెలుగు అక్షరం రాసుకుంది. తిశ్రం మానమని నేను చెప్పలేదు. టీచరమ్మ మాట కాదనే హక్కు నాకు లేదు, పైగా ఆ లెక్క పిల్లలకు అవసరమే. ఇప్పుడు తిశ్రం పాడేటప్పుడు ఆ గీతల దగ్గర గొంతు రవ్వంత నిలుపుతోంది. దెబ్బ ఎక్కడ పడినా మాట మాత్రం గీత దాకా తెగకుండా వస్తోంది. మొన్న ఆదివారానికి భైరవిలో 'విరిబోణి' దగ్గరకు వచ్చాం. అట తాళం, పద్నాలుగు లెక్కలు. తెలుగక్షరాలు ఇప్పటికి పదకొండు వచ్చాయి. 'ణ' రాయడం దగ్గర కొంచెం తడబడుతోంది.